రెండో బేస్ మీద ఫస్ట్ ర్యాంకు

మొన్న శనివారం ఎడిసన్‌లో మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డు మీద టిఫిన్‌కి వెళ్లినప్పుడు మా బావ మళ్లీ కుర్చీ మార్చాడు. ఆ హోటల్లో గోడకు పెద్ద టీవీ ఉంటుంది. మామూలుగా అందులో క్రికెట్టో పాటలో పెడతారు. ఆ రోజు ఎవరు పెట్టారో గానీ బేస్‌బాల్ నడుస్తోంది. బావ కూర్చోబోతూ ఒకసారి తలెత్తి చూసి, బల్ల చుట్టూ తిరిగొచ్చి టీవీకి వీపు పెట్టి కూర్చున్నాడు. పెసరట్లు తెచ్చినావిడ "ఇటు కూసుంటే గేమ్ కనిపిస్తది కద సార్" అంది పాపం, మర్యాదకి. "నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదమ్మా" అన్నాడు బావ. అక్క అల్లప్పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపి నా మొహంలోకి చూసింది. నేను చట్నీలోకి చూశాను. ఆయనకి బేస్‌బాల్ తెలియకపోవడమేమిటి, నా తలకాయ. ఒక వేసవి మొత్తం ఆ ఇంట్లో ఆ ఆట గురించి తప్ప ఇంకో మాట వినబడితే ఒట్టు.

ఆ సంవత్సరమే అక్క కూతురు కాలేజీకని వేరే రాష్ట్రం వెళ్లింది. ఎడిసన్‌లో ఇల్లు బోసిపోయింది. మా అక్క సంగతేమిటంటే, తినేవాళ్లు లేకపోతే వంట చెయ్యలేదు, వంట చెయ్యకపోతే బతకలేదు. నేను జెర్సీ సిటీ నుంచి శుక్రవారం సాయంత్రం రైలెక్కి వెళ్తే రెండు రోజుల్లో నాలుగు రోజుల తిండి పెట్టేది. అలాంటి మనిషికి లైబ్రరీలో ఒక కాగితం కనబడింది. అరగంట దూరంలో ఒక చిన్న స్టేడియం ఉంది. అక్కడ ఆడే జట్టు పేరుకి ప్రొఫెషనల్ జట్టే గానీ, పెద్ద లీగులకీ దానికీ చుట్టరికం లేదు. పెద్ద జట్లు వదిలేసినవాళ్లు, పెద్ద జట్ల కంట్లో ఇంకా పడనివాళ్లు అక్కడ ఆడుతుంటారు. వాళ్లకి వేసవంతా ఉండటానికి ఊళ్లోవాళ్లు ఇంట్లో ఒక గది ఇవ్వాలి. ఇది ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న అలవాటేనట. మన వైపు చదువుకునే పిల్లలకి వారాలిచ్చి అన్నం పెట్టేవాళ్లు చూడండి, అదే పద్ధతి. అక్క ఇంటికొచ్చి చెప్పగానే బావ గయ్యిమన్నాడు. "ముక్కూ మొహం తెలీనివాణ్ణి తెచ్చి బేస్‌మెంట్‌లో పెడతావా?" అన్నాడు. "నన్ను చేసుకున్నప్పుడు నా ముక్కూ మొహం మీకేం తెలుసు?" అంది అక్క.

అలా వచ్చాడతను. డొమినికన్ రిపబ్లిక్‌లో సముద్రం ఒడ్డునున్న ఏదో చిన్న ఊరు. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. పొడుగేం కాదు, కానీ తొడలు రుబ్బురోలు పొత్రాల్లా ఉండేవి. ఇంగ్లీషు అంతంత మాత్రం. మా అక్క ఇంగ్లీషు కూడా కంగారులో సగం తెలుగే కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. మొదటి వారం ఆ పప్పూ కూరా ఏం తింటాడో పాపం అనుకున్నాం. రెండో వారం అక్క అరటికాయ వేపుడు చేసింది. అతను ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వాళ్లమ్మ కూడా పచ్చి అరటికాయే చితక్కొట్టి నూనెలో వేయిస్తుందట. ఆ రోజు నుంచి పక్కూరు ఐసెలిన్ కొట్లలో అరటికాయలు మిగిల్తే అడగండి. బావని అంకుల్ అనేవాడు, అక్కని మామా అనేవాడు, వాళ్ల భాషలో అమ్మ అని. బావ మాత్రం మొదటి నుంచీ అతన్ని "మనవాడు" అన్నాడు. ఇక మా అందరికీ అదే పేరైపోయింది.

మనవాడి ఆట చూడ్డానికి మొదటిసారి వెళ్లిన రోజు బావ గంటసేపు విసుక్కున్నాడు. మనవాడు బంతిని ఇద్దరు ఫీల్డర్ల మధ్య ఖాళీలోకి కొట్టాడు. మొదటి బేస్ దాటి, వంగి పరిగెత్తి, దుమ్ములో జారుకుంటూ పోయి రెండో బేస్ పట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మనవాడు లేచి, దులుపుకుని, అక్కడే నిలబడ్డాడు. "ఇదేంటి, పరుగు మధ్యలో ఆపేశాడు?" అన్నాడు బావ. పక్క సీటులో ఒక ముసలాయన ఓపిగ్గా చెప్పాడు. ఈ ఆటలో నాలుగు బేస్‌లూ చుట్టి మొదలుపెట్టిన చోటికి, అంటే హోమ్‌కి, వస్తేనే ఒక పరుగు. రెండో బేస్ దాకా చేర్చే ఆ దెబ్బని డబుల్ అంటారు. బంతిని స్టేడియం బయటికి కొట్టేవాడికి హోమ్ రన్, తీరుబడిగా నడిచి రావచ్చు. డబుల్ కొట్టేవాడు మాత్రం ప్రాణం పెట్టి పరిగెత్తాలి. అంతా చేసి సగం దూరంలో నిలబడి, తర్వాత వచ్చినవాడెవరైనా కొడితే అప్పుడు ఇంటి ముఖం చూడాలి. బావ రెండో బేస్ మీద నిలబడ్డ మనవాడి వైపు చూశాడు. తర్వాత "మన గ్రీన్ కార్డు లైన్‌లా ఉందే" అన్నాడు. ఆయన అప్పటికి ఎన్నేళ్ల నుంచో ఆ లైన్‌లోనే ఉన్నాడు లెండి. అప్పటి నుంచి ఆ ఆట మీద ప్రేమ పుట్టింది.

డబుల్ అంటే చూసేవాళ్లకి చప్పట్లు గానీ కొట్టినవాడికి తోలు ఊడటం. జారిన ప్రతిసారీ కుడి తొడ పక్కన చర్మం గీరుకుపోయేది. మా అక్క ఊరుకుంటుందా. ఆటయ్యాక వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి పసుపు అద్దేది. తెల్ల పంట్లాం మీద పసుపు మరకలు చూసి జట్టు బట్టలు చూసుకునే ఆయన నెత్తి కొట్టుకున్నాడట. పసుపు పెడుతూ అక్క "నొప్పా? నొప్పి ఉందా?" అని అడిగేది. మనవాడు నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే. కొంచెం మండితే "నొప్పి లిటిల్" అనేవాడు. మండకపోతే "నొప్పి లేదు" అనేవాడు. అక్క తల నిమిరి ఇంకో గరిటె అన్నం వేసేది.

అక్కడితో ఆగితే బాగుండేది. జూన్ చివర్లో బావకి లీగ్ వెబ్‌సైట్ దొరికింది. అందులో ఎవరెన్ని కొట్టారో వరసగా పేర్లుంటాయి. డబుల్స్ కొట్టినవాళ్లలో మనవాడు లీగ్ మొత్తంలో రెండోవాడు. జూలై రెండో వారానికి మొదటివాడు. ఇక చూడండి. మా బావ గుంటూరు వైపు మనిషి. ర్యాంకులు గోడకి అంటించే కాలేజీలో ఇంటర్ చదివాడు. ఎంసెట్‌లో కాస్తలో కోరుకున్న సీటు పోయిందని, తలవెంట్రుకలు పోయాక కూడా చెప్పుకుంటాడు. మన ఇళ్లల్లో పిల్లాడు ఎలా ఉన్నాడని అడగరు కదా, ఎంత వచ్చింది అని అడుగుతారు. ఆ జబ్బు ఈ సముద్రాలు దాటినా వదల్లేదు. ఆ పేజీ ప్రింటు తీసి, మనవాడి పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఫ్రిజ్ మీద పెట్టాడు. అంతకుముందు అక్కడ కూతురి రిపోర్టు కార్డులుండేవి. వారం వారం కాగితం మారేది. మనవాడు పొద్దున్నే పాలు తీసుకోవడానికి వచ్చి ఆ సున్నా చూసి నవ్వుకునేవాడు. అతన్ని చూసి బావ నవ్వుకునేవాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండన్నట్టుంది వ్యవహారం అన్నాను నేను. మరదలి మాట ఎవరు పట్టించుకుంటారు.

ఒక ఆదివారం తెలుగువాళ్లు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో బావ అందరి మధ్యా నిలబడి "మా ఇంట్లో లీగ్ ఫస్ట్ ఉన్నాడు, డబుల్స్‌లో" అని ప్రకటించాడు. "టెన్నిసా అండీ?" అన్నాడొకాయన పులిహోర వడ్డించుకుంటూ. బావ ఆయనకి ఆట మొత్తం వివరించాడు. పులిహోర చల్లారిపోయింది. అంతా విన్నాక ఆయన "మరి ఫస్ట్ వస్తే ఏమొస్తుందండీ?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. అసలు సంగతి అక్కడే ఉంది. మనవాడి వీసా ఆ జట్టుతో ముడిపడి ఉంది. సీజన్ అయ్యేలోపు పెద్ద జట్లలో ఏదైనా అతని కాంట్రాక్టు కొనుక్కుంటే వీసా, ఆట, బతుకు అన్నీ నిలబడతాయి. ఎవరూ పిలవకపోతే పెట్టె సర్దుకోవడమే. ఇరవై ఏడేళ్లవాణ్ణి వచ్చే ఏడు పిలుస్తారన్న ఆశ అతనికే లేదు. బావ ఆ పులిహోర ఆయనతో "ఫస్ట్ ర్యాంకువాణ్ణి ఎవరు వదులుకుంటారండీ" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. అదే నా బాధ. అబద్ధం చెప్పినవాణ్ణి తిట్టచ్చు, నమ్మి చెప్పినవాణ్ణి ఏం చేస్తాం.

ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం నేను వెళ్లేసరికి అక్క మొహం బాగాలేదు. "అబ్బాయి మెట్లు పక్కకి తిరిగి దిగుతున్నాడే" అంది. బేస్‌మెంట్ మెట్లు. ఒక కాలు పెట్టి, దాని పక్కన రెండో కాలు తెచ్చి, గోడ పట్టుకుని దిగుతున్నాడు. కుడి మోకాలు. రెండో బేస్ మీదకి జారినప్పుడు మెలిక పడిందట. జట్టు ట్రైనర్‌కి చెప్పలేదు. చెబితే కూర్చోబెడతారు, అతని చోట్లో ఇంకొకణ్ణి దింపుతారు. అక్క రాళ్లుప్పు మూట కట్టి పెనం మీద వేడిచేసి కాపడం పెట్టింది. "చెప్పు నాన్నా వాళ్లకి" అని బతిమాలింది. మనవాడు నేలచూపులు చూశాడు. మోకాలు వాచి కొబ్బరికాయంత ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కే ఎత్తింది. కాలు బాగాలేదు, వారం పది రోజులు ఆగమనండి, మీ మాటైతే వింటాడు అంది. నిజమే, బావ మాట వింటాడు. ఆ వీధిలో మాస్టర్స్ చదివే పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా వీసా కాగితం ఏదొచ్చినా బావకే చూపిస్తారు. మనవాడు కూడా తన కాగితాలన్నీ ఆయనకే ఇచ్చాడు. అమెరికా ఎలా నడుస్తుందో అంకుల్‌కి తెలుసని అతని నమ్మకం. మనవాడు పళ్లెం పక్కకి జరిపి, వచ్చిన ఇంగ్లీషులో అడిగాడు. అంకుల్, నేను కూర్చుంటే ఎవరైనా పిలుస్తారా అని. బావ తల తిప్పి ఫ్రిజ్ వైపు చూశాడు. రెండో స్థానంలో ఉన్నవాడు బాగా దగ్గరికొచ్చేశాడు.

"లాస్ట్ లెగ్‌లో ఉన్నాం కదా. ఇప్పుడు ఆగితే ర్యాంకు పోద్ది. సెకండ్ వచ్చినవాణ్ణి ఎవడూ గుర్తుపెట్టుకోడు. ఫస్ట్ అని రెజ్యూమేలో ఉంటే కాలు తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. అదే ఇంగ్లీషులో మనవాడికి మళ్లీ చెప్పాడు. ఆయన గొంతులో చెడు లేదు. తన కొడుకైతే ఏం చెప్తాడో అదే చెప్పాడు. అక్క చేతిలో గరిటె గిన్నెలో పడేసింది. "వాడి కాలు కదండీ అది, మీ ఎంసెట్ కాదు" అంది. నాకు తెలిసి అక్క ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. తర్వాత మనవాడి వైపు తిరిగి, "నిజం చెప్పు, నొప్పి ఉందా?" అని అడిగింది. మనవాడు అక్కని చూశాడు, బావని చూశాడు. "నొప్పి లేదు, మామా" అన్నాడు. బావ ఊపిరి వదిలి పెరుగన్నం కలుపుకున్నాడు.

ఆ తర్వాత మూడో ఆదివారం మధ్యాహ్నం ఆట. మేం ముగ్గురం వెళ్లాం. ఎండ చుర్రుమంటోంది. మనవాడు బంతిని కుడివైపు ఖాళీలోకి కొట్టాడు. మొదటి బేస్ దగ్గర ఆగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆగలేదు. మలుపు దగ్గర కాలు ఒకలా పడింది. నాకు కనబడింది, అక్కకీ కనబడింది. కుంటుతూనే వెళ్లి, జారలేక ముందుకు పడిపోయి, చేత్తో రెండో బేస్ పట్టుకున్నాడు. సేఫ్, ఔట్ కాలేదు. జనమంతా లేచి చప్పట్లు. బావ రెండు చేతులూ పైకెత్తి అరిచాడు. మనవాడు లేవబోయి, లేవలేక, ఆ బేస్ మీదే కూర్చుండిపోయాడు. ఎవరో పిలిచినట్టు మా సీట్ల వైపు ఒకసారి చూశాడు. అక్క అప్పటికే మెట్లు దిగి కంచె దగ్గరికి పరిగెత్తింది. కంచె వైరు పట్టుకుని "అయ్యో, అయ్యో" అంటూ నిలబడింది. బావ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. దించడం మర్చిపోయాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో జట్టు కోచ్ మా దగ్గరికొచ్చాడు. పెద్ద మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. మోకాల్లో లిగమెంట్ తెగిందని చెప్పాడు. బావ "లీగ్ ఫస్ట్ కదా, పెద్ద టీమ్‌లు చూస్తాయి కదా" అని అడిగాడు. అప్పుడు కూడా అదే అడిగాడు. కోచ్ కాసేపు ఆయన్ని చూసి చెప్పాడు. కిందటి వారం ఒక పెద్ద జట్టు వాళ్లు ఫోన్ చేశారట. మనవాడి గురించే. డబుల్స్ ఎన్ని అని వాళ్లు అడగలేదట. అతని కాళ్లెలా ఉన్నాయి, పరుగు ఎలా ఉంది అని మాత్రం అడిగారట. చూడ్డానికి మనిషిని పంపిస్తామన్నారట. నొప్పి సంగతి తెలిసుంటే వారం కూర్చోబెట్టి, నయమయ్యాకే చూపించేవాణ్ణి కదా అన్నాడు కోచ్. మమ్మల్ని నిందించలేదు, ఉన్నమాట చెప్పి వెళ్లాడు. బావ గోడకానుకుని నిలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా అక్కడ ఆకుల్లేవు. అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని ఆయనే తర్వాత నాతో చెప్పాడు.

ఆపరేషన్ ఇక్కడే అయింది. ఆకులు రాలే కాలం దాకా మనవాడు మా వాళ్ల ఇంట్లోనే ఉన్నాడు. మెట్లు దిగలేడని అమ్మాయి గది ఇచ్చారు. బావ ఆఫీసు నుంచి వచ్చి ఫిజియోథెరపీకి డ్రైవ్ చేసేవాడు, దార్లో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలీదు. ఏ జట్టూ పిలవలేదు. లీగ్ వెబ్‌సైట్‌లో ఆ సీజన్ డబుల్స్‌లో మొదటి పేరు మాత్రం మనవాడిదే. వెళ్లే రోజు పొద్దున బావ ఫ్రిజ్ మీది కాగితం పీకి చెత్తబుట్టలో పడేయబోయాడు. మనవాడు కర్ర పోటేసుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అది నాది అంకుల్ అన్నాడు. తీసుకుని, మడతపడకుండా పాస్‌పోర్టు సంచీలో పెట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టులో బావ ఏడిస్తే మనవాడే వీపు నిమిరాడు. చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

ఇది జరిగి కొన్నేళ్లైంది. మనవాడు వాళ్ల ఊళ్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. అక్కకి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు, అరటికాయలు వేయిస్తున్న వీడియోలు పంపిస్తాడు. ఫోన్ రాగానే బావకి ఏదో పని గుర్తొస్తుంది. మొన్న శనివారం హోటల్లో కాఫీలు వచ్చాక అక్క ఫోన్ మోగింది. వీడియో కాల్, మనవాడే. బావ చెయ్యి కడుక్కోవాలని లేవబోయాడు. అక్క ఫోన్ ఆయన చేతిలో పెట్టేసి, తనే చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఎన్నాళ్లు ఆలోచించుకుందో ఆ పని.

బావ ఫోన్ మొహానికెదురుగా పట్టుకున్నాడు. నేను పక్క నుంచి చూశాను. నీలం రంగు గోడ, దాని మీద వాళ్ల దేవుడి బొమ్మ, దాని పక్కన ప్లాస్టిక్ తొడుగులో ఆ కాగితం. ఎర్ర సున్నా అలాగే ఉంది. మూల మీద మా అక్క పసుపు వేలి ముద్ర కూడా ఉంది. మనవాడు దాన్ని వేలితో చూపించి "ఫస్ట్ ర్యాంక్, అంకుల్" అని గర్వంగా నవ్వాడు. నిజంగా గర్వమే, ఎత్తిపొడుపు కాదు. అది బావకి ఇంకా కష్టమైంది. ఇంతలో లోపల్నుంచి ఎవరో ముసలావిడ పిలిచింది. మనవాడు ఫోన్ ఎక్కడో ఆనించి లేచి నాలుగడుగులు వేసి వచ్చాడు. కుడి కాలు పక్కకి తిప్పి, ఆనాడు బేస్‌మెంట్ మెట్లు దిగినట్టే వేశాడు. బావకి ఇంగ్లీషు రాలేదు. "నొప్పి ఉందా నాన్నా?" అని తెలుగులో అడిగాడు.

"నొప్పి లేదు, అంకుల్" అన్నాడు మనవాడు.

అప్పుడు నమ్మాలనిపించి ఆ మాట నమ్మేశాడు మా బావ. ఇప్పుడు నమ్మాలని ఎంత ఉన్నా నమ్మలేక, టీవీకి వీపు పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. మాట మారలేదు, చెప్పినవాడు మారలేదు, మధ్యలో జరిగిపోయింది కాలమొక్కటే.